మదర్‌బోర్డు: పొదుపు ఎక్కడ చెల్లును?

పసుపు కొనువాడు కొమ్ము పైమెరుగు చూచి ధర కట్టడు. విరిచి లోపలి రంగు చూచును. బాల్కొండ, ఆర్మూరు ప్రాంతముల వారికి ఇది చెప్పవలసిన సంగతి కాదు. అయితే కొద్ది ఖర్చుతో కంప్యూటరు కూర్చుకొనదలచిన విద్యార్థులు సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయినప్పుడు మదర్‌బోర్డు పెట్టెపైని రంగులు చూచి భ్రమపడుట కలదు. "చౌక బోర్డు కొన్నచో యంత్రము మందగించునా?" అని వారడుగు ప్రశ్న మాత్రము మంచిది. దానికి సమాధానము బోర్డు చరిత్రలోనే దొరకును.

మొదటి కంప్యూటర్లలో మదర్‌బోర్డు అనునది లేదు. హైదరాబాదులో 1967లో అణుశక్తి శాఖ క్రింద ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఏర్పడినది. ట్రాంబే శాస్త్రజ్ఞులు రూపొందించిన టి.డి.సి.-12 అను 12 బిట్ల కంప్యూటరును ఆ సంస్థ 1969లో వెలువరించినది. ఆ తరము యంత్రములలో ట్రాన్సిస్టర్లను చిన్న చిన్న కార్డులపై అతికి, ఆ కార్డులను బీరువా వంటి చట్రములో వరుసగా గ్రుచ్చి, వెనుక తీగెలతో కలిపెడివారు. ఒక్కొక్క కార్డు ఒక్కొక్క పని చేసెడిది.

1971లో ఇంటెల్ సంస్థ గణన భాగమునంతయు ఒకే సిలికాన్ చిప్పులో ఇమిడ్చినది. అయినను 1975లో అమెరికాలో వెలువడిన ఆల్టెయిర్ 8800లో ఆ మైక్రోప్రాసెసరు కూడ ఇతర భాగములవలె విడి కార్డుపైననే ఉండెడిది. 1977 నాటి ఆపిల్ టూ యంత్రములో ప్రాసెసరు, మెమరీ ఒకే పలకపైకి వచ్చినవి. మరి 8 కార్డులకు దానిపై తావు ఉంచిరి. 1981 నాటి ఐ.బి.ఎమ్. పర్సనల్ కంప్యూటరులో 5 కార్డులకు తావు ఉండెను. కాని తెరకు, డిస్కుకు కార్డులు వేరుగా కొనవలసివచ్చెడిది. 1980 దశకము నడుమ, పెక్కు చిల్లర చిప్పుల పనిని కొద్ది చిప్పులే చేయునట్లు కుదించిన చిప్‌సెట్లు బయలుదేరినవి. బోర్డు చిన్నదైనది, ధర తగ్గినది. 1995లో ఇంటెల్ ఎ.టి.ఎక్స్. కొలతలను నిర్ణయించినది. 1997లో వచ్చిన మైక్రో ఎ.టి.ఎక్స్. బోర్డు ప్రక్క కొలత 244 మిల్లీమీటర్లు మించదు. చౌక బోర్డులలో పెక్కు ఈ కొలతవే.

తరువాత వలస మరొక దిక్కునకు సాగినది. మెమరీని నడుపు భాగమును ఎ.ఎమ్.డి. 2003లో ఆథ్లాన్ 64 ప్రాసెసరులోనికే చేర్చినది. ఇంటెల్ 2008లో అట్లే చేసినది. గ్రాఫిక్స్ కార్డునకు పోవు మార్గము కూడ క్రమముగా ప్రాసెసరులోనికి చేరినది. వేగమును నిర్ణయించు భాగములు ఇట్లు బోర్డును విడిచిపోయినందున, ప్రాసెసరునకు కావలసిన విద్యుత్తు అందుచున్నంత వరకు, చౌక బోర్డుపైనను ప్రియమైన బోర్డుపైనను అది దాదాపు ఒకే వేగముతో లెక్కలు చేయును.

విద్యుత్తు అందించుటయే బోర్డునకు మిగిలిన పెద్ద బాధ్యత. 1993లో వచ్చిన మొదటి పెంటియం 5 వోల్టులతో నడిచెడిది. నేటి ప్రాసెసరు గర్భమునకు కావలసినది సుమారు ఒక వోల్టు. ఒక వోల్టు వద్ద 100 వాట్లు తీసికొను ప్రాసెసరునకు 100 ఆంపియర్లు కావలెను! సాకెట్టు చుట్టునున్న రెగ్యులేటరు 12 వోల్టులను ఇట్లు మార్చి ఇచ్చును. నిరోధము గల మార్గములో పుట్టు వేడి, కరెంటు వర్గమునకు అనుపాతములో ఉండును. కనుక రెగ్యులేటరు బలహీనమైనచో వేడెక్కును. అప్పుడు ప్రాసెసరు వేగము తగ్గించుకొనక తప్పదు.

ఇచ్చట చేసిన పొదుపు ఎంత చేటు తెచ్చునో 2000 తరువాతి కొన్నేండ్లు రుజువు చేసినవి. నాసి ద్రావకము నింపిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉబ్బి, కారి, అసంఖ్యాకముగా బోర్డులు పాడైనవి. పిమ్మట ద్రవము లేని పాలిమర్ కెపాసిటర్ల వాడుక పెరిగినది.

కావున పొదుపరి ఏమి చేయవలెను? రంగు దీపములు, వేగము హద్దు మీరించు సదుపాయము, వాడబోని కార్డు స్థానములు విడువవచ్చును. రెగ్యులేటరును విడువరాదు. 65 వాట్ల తరగతి ప్రాసెసరునకు సామాన్యమైన బోర్డు చాలును. అంతకు మించినదానికి రెగ్యులేటరుపై లోహపు పలక గల బోర్డు చూడవలెను. మెమరీకి రెండు స్థానములే ఉన్నచో, మొదట ఒకే పెద్ద మెమరీ కొని, రెండవ స్థానమును ముందునకు ఉంచుకొనుట మేలు. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 ఒకదాని స్థానములో ఒకటి ఇమడవు.

సాకెట్టు ఆయుష్షును కూడ విచారింపవలెను. 2017లో రైజెన్ ప్రాసెసర్లతో ప్రసిద్ధికెక్కిన ఎ.ఎమ్.4 సాకెట్టులో, బయాస్ ప్రోగ్రామును సరిచేసినచో, 2022లో వచ్చిన ప్రాసెసర్లు కూడ చాల బోర్డులపై పనిచేసినవి. అట్టి బోర్డు కొన్నవాడు ఐదేండ్లకు ప్రాసెసరును మాత్రమే మార్చుకొనగలిగెను. అయితే పాత బయాస్ గల బోర్డు కొత్త ప్రాసెసరును గుర్తింపదు. కావున దుకాణములోనే బోర్డుపై ప్రాసెసరు అమర్పించి, తెరపై అక్షరములు కనబడిన పిమ్మటనే సొమ్ము చెల్లించుట క్షేమము. బాల్కొండ నుండి సికిందరాబాదునకు రెండవసారి పోవుట కూడ ఖర్చే కదా!