సూది తీసి రంపం పెట్టినవాడు

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పాసింజర్ బొర్రా గుహలు స్టేషన్‌లో ఆగితే దిగినవాళ్ల నజర్ అంతా గుహల మీదే ఉంటుంది. నీళ్లు సున్నపురాయిని లక్షల ఏళ్లు చెక్కిన కారీగరీ అది, చూడాల్సిందే. ఈ మజ్మూన్ మాత్రం ఆ చుట్టుపక్కల కాఫీ తోటల్లో నిటారుగా నిలబడ్డ సిల్వర్ ఓక్ చెట్లతో మొదలవుతుంది. అలాంటి చెక్కను వంపులు తిప్పుతూ కోసే చిన్న మిషన్ ఒకటుంది. మన వడ్రంగులు దాన్ని జిగ్‌సా అంటారు. దాని తారీఖ్ చెప్పాలనే ఈ కోషిష్.

సిల్వర్ ఓక్ పుట్టిల్లు ఆస్ట్రేలియా. కాఫీ మొక్కకు నీడ కావాలి కాబట్టి అనంతగిరి, అరకు కొండల్లో దీన్ని నాటారు. దాని మాను మీదే మిరియాల తీగ పాకుతుంది. చెక్క ప్లైవుడ్‌కూ, ప్యానెళ్లకూ, ప్యాకింగ్ పెట్టెలకూ పనికొస్తుంది. మానుగా అమ్మితే ఒక ధర, జాలీగా కోసి అమ్మితే ఇంకో ధర. ఆ రెండింటి మధ్య ఉన్న ఫాస్లా పేరే హునర్.

చెక్కపని మన తారీఖ్‌లో ఇజ్జత్ ఉన్న పని. హజ్రత్ జకరియా అలైహిస్సలాం నజ్జార్, అంటే వడ్రంగి అని సహీహ్ ముస్లిం హదీసు చెబుతుంది. మదీనాలో ఒక అన్సారీ మహిళ దగ్గరున్న వడ్రంగి గులాం రసూలుల్లాహ్ (స) కోసం మింబర్ చేశాడనీ, అందుకు కలప ఘాబా అనే చోటి నుంచి వచ్చిందనీ బుఖారీలో ఉంది. అరబీలో ఘాబా అంటే అడవి. ఇప్పటికీ నిలిచి ఉన్న మింబర్లలో అతి పాతది ట్యునీషియాలోని ఖైరవాన్ జామా మసీదులో ఉంది. తొమ్మిదో శతాబ్దం నాటిది, 300కు పైగా చెక్కిన ప్యానెళ్లు. ఆ టేకు మన హిందుస్తాన్ నుంచే వెళ్లిందని చరిత్రకారులు అంటారు.

జాలీ కూడా మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో పైగా మక్బరాల జాలీల ముందు నిలబడితే వెలుతురును కూడా డిజైన్‌గా మలచొచ్చని తెలుస్తుంది. అక్కడ సున్నాన్నీ, రాతినీ ఉలితో మలిచారు. చెక్కలో ఆ పని చేయాలంటే ఇంకో ముష్కిల్ ఉంది. మామూలు రంపం వెడల్పు బ్లేడు నేరుగా పోతుంది, మలుపు తిరగదు. అందుకే కారీగర్లు సన్నని బ్లేడును విల్లులాంటి ఫ్రేములో బిగించారు. చెక్కకు బెజ్జం పెట్టి, బ్లేడును అందులోంచి దూర్చి, లోపలి నుంచి కోసుకుంటూ వచ్చారు. ఫ్రాన్సులో ఆంద్రే షార్ల్ బూల్ (1642–1732) ఇలా ఇత్తడి రేకునూ తాబేలు చిప్పనూ కలిపి కోసి బాద్షాల ఇళ్లకు ఫర్నిచర్ చేశాడు. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ చెక్క మీద ప్రపంచ పటం అతికించి, దేశాల సరిహద్దుల వెంట ముక్కలు కోశాడు, పిల్లలకు భూగోళం నేర్పడానికి. మన పిల్లలు ఆడే జిగ్‌సా పజిల్ అలా మొదలైంది. జిగ్‌సా అనే పేరు దానికి చాలా తర్వాత వచ్చింది.

పందొమ్మిదో శతాబ్దంలో కాలితో తొక్కే రంపాలు వచ్చాయి. అసలు మలుపు 1946లో. స్విట్జర్లాండ్‌లోని సింటిల్లా కంపెనీ ఇంజనీరు ఆల్బర్ట్ కౌఫ్‌మన్ తన భార్య కుట్టుమిషన్‌లో సూది తీసేసి, అక్కడ రంపం బ్లేడు పెట్టి చూశాడని చెబుతారు. మరుసటి ఏడాది లెస్టో పేరుతో చేత్తో పట్టుకునే జిగ్‌సా బజారుకొచ్చింది. ఆ కంపెనీ తర్వాత బాష్ చేతికి వెళ్లింది. మన అమ్మీలు, ఖాలాలు ఏళ్ల తరబడి తొక్కిన ఉషా మిషన్‌లో సూది ఎలా పైకీ కిందికీ ఆడుతుందో, ఇందులో బ్లేడూ అలాగే ఆడుతుంది. గుడ్డను తిప్పుతూ గుండ్రంగా కుట్టడం తెలిసిన చేతికి ఈ మిషన్ అజ్నబీ కాదు.

ఆ ఆట అర్థమైతే కొత్తవాళ్లకు సగం పని వచ్చినట్టే. బ్లేడు పళ్లు సాధారణంగా పైకి చూస్తుంటాయి, అందువల్ల పైకి లేచేటప్పుడే కోత పడుతుంది, చెక్క పెచ్చులు పైవైపే లేస్తాయి. కాబట్టి ప్యానెల్ మంచి ముఖం కిందికి పెట్టాలి, గీత మీద టేపు అంటించాలి. ప్లైవుడ్‌కు సన్నపళ్ల బ్లేడు, వంపులకు వెడల్పు తక్కువ బ్లేడు వాడాలి. చెక్కను బల్లకు క్లాంపుతో బిగించి, కోసేచోట కింద ఖాళీ ఉంచాలి. జాలీకి ముందు బ్లేడు దూరేంత బెజ్జం డ్రిల్లుతో పెట్టాలి. గీతకు వెంట్రుకవాసి బయట కోసి, మిగిలింది గరుకు కాగితంతో రుద్దాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి, బ్లేడు మార్చేముందు ప్లగ్గు పీకాలి. అన్నిటికన్నా ముఖ్యం, నెట్టొద్దు. నెడితే బ్లేడు కింద వంగిపోతుంది. అప్పుడు పైన గీత సీదాగా ఉన్నా అడుగున కోత వంకర పోతుంది. సబర్ లేని చేతిని ఈ మిషన్ వెంటనే పట్టిస్తుంది.

ఇక బొర్రా. ఈ పంచాయతీలోని గిరిజన భూముల్ని గనుల తవ్వకానికి లీజుకిచ్చిన మీదటే ‘సమత’ సంస్థ అదాలత్‌కు వెళ్లింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఫైసలా ఇచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదు. నేల మీద హక్ గట్టిపడింది. కానీ ఆ నేల మీది చెట్టు మానుగానే కొండ దిగిపోతే, కోతలో పుట్టే కమాయీ కింద పట్నంలోనే ఉండిపోతుంది. ఒక బల్ల, నాలుగు క్లాంపులు, ఒక జిగ్‌సా, నేర్పే ఉస్తాద్ ఒకడు ఉంటే, అందులో కొంతైనా కొండమీద ఆగుతుంది.

మన మొహల్లాలకూ ఇదే లెక్క. చదువు ఆగిన పిల్లవాణ్ని కార్ఖానాకు పంపి, వాడు మిస్త్రీ అయ్యాడని చుట్టాల ముందు సిగ్గుపడే ఇళ్లు మనలో ఉన్నాయి. చదివేవాడికి ఈ పని ఒక షౌక్‌గా నేర్పినా నష్టం లేదు. ఒక నబీ చేసిన పనికి సిగ్గెందుకు? కారీగర్‌ను తక్కువగా చూసే ఇల్లు పోగొట్టుకునేది వాడి ఒక్కడి ఇజ్జత్ కాదు, చేతుల్లో ఉన్న విరాసత్ కూడా.