రిపోర్టు ఎవరిది? (మన ఒళ్లు, మన చరిత్ర – 9వ భాగం)



పోయిన భాగం మంత్రసానుల గురించి. అది చదివి చాలామంది ఇన్‌బాక్స్‌లో రాశారు. అందులో ఎక్కువమంది అడిగింది ఒకటే. పిల్లలు లేరని చేయించుకున్న టెస్టుల రిపోర్టు ఫొటో తీసి పంపి, "అక్కా, ఇందులో ఏముందో చెప్పవా" అంటున్నారు. నేను డాక్టర్‌ను కాను. వేలకు వేలు అప్పు తెచ్చి ఫీజు కట్టి, డాక్టర్ ఎదురుగా కూర్చుని కూడా అడగలేని మాటను ముఖం చూడని అక్కను ఎందుకు అడుగుతున్నారు? దానికి జవాబు చరిత్రలో ఉంది. ఈవారం అదే రాస్తున్నా.

1938 నవంబరులో బొంబాయి శాసనసభకు కుటుంబ నియంత్రణ మీద ఒక తీర్మానం వచ్చింది. దాని వెనక ఉన్నది బాబాసాహెబ్ అంబేద్కర్. ఆయన తయారుచేసిన ప్రసంగాన్ని ఆయన పార్టీ సభ్యుడు రోహమ్ సభలో వినిపించారు. వరస కాన్పులతో ఆడమనిషి ఒళ్లు ఎలా చితికిపోతుందో అందులో ఉంది. ఎప్పుడు కనాలి, ఎంతమందిని కనాలి అన్నదాంట్లో ఆమె మాట చెల్లాలన్న పట్టుదల ఉంది. సభ ఆ తీర్మానాన్ని ఓడించింది. గర్భం గురించి మోసేవాళ్లతో మాట్లాడాలన్న ఆలోచన మనవైపు నుంచి అంత ముందే వచ్చిందని గుర్తుపెట్టుకోండి.

స్వతంత్రం వచ్చాక 1952లో ప్రభుత్వమే కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఈసారి సంఖ్య వచ్చింది, ఆడమనిషి మాట రాలేదు. ఏ జిల్లాకు ఎన్ని ఆపరేషన్లు, ఏ ఉద్యోగి ఎందరిని తేవాలి అని టార్గెట్లు పెట్టారు. ఎమర్జెన్సీలో అది ముదిరింది. 1976–77లో ఒక్క ఏడాదిలో దేశంలో 62 లక్షల మంది మగవాళ్లకు వేసెక్టమీ చేశారు. ఢిల్లీలో గుడిసెలు కూల్చి, ఇంటి జాగా కావాలంటే ఆపరేషన్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. జాగా లేనిది ఎవరికో, సర్టిఫికెట్ కోసం బల్ల ఎక్కింది ఎవరో మనకు వేరే చెప్పాలా?

1977లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. మగవాళ్ల జోలికి పోతే ఓట్లు పోతాయని పాలకులకు అర్థమైంది. కత్తి ఆడవాళ్లవైపు తిరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మందికి ట్యూబెక్టమీ అయింది. వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. తెలంగాణ కూడా ఆ దారిలోనే ఉంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో ఒకే సర్జన్ కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్ చేశాడు. ఆ క్యాంపుల తర్వాత పదిమందికి పైగా తల్లులు చనిపోయారు. అంతా పేద ఇళ్ల ఆడవాళ్లే. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి క్యాంపులను మూడేళ్లలో ఆపేయమంది. కొద్ది గంటల్లో 83 మంది అంటే ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలో లెక్కేయండి. అందులో మాట్లాడటానికి ఎన్ని సెకన్లు మిగిలాయో కూడా లెక్కేయండి.

ఆస్పత్రి అంటే వరసలో నిలబడటం, చెప్పినచోట వేలిముద్ర వేయడం అని మన అమ్మలు నేర్చుకున్నది అక్కడే. ఆ అలవాటునే మనం ఇవాళ ఏసీ గదిలోకి కూడా మోసుకెళ్తున్నాం.

మా వాడలో ఒక చెల్లెలుంది. పెళ్లయి ఆరేళ్లు. నాలుగేళ్లుగా మందులు మింగుతోంది, స్కానింగులు తీయించుకుంటోంది. ఒకసారి తోడు వెళ్లా. డాక్టరమ్మ రిపోర్టు చూసి పక్కనున్న జూనియర్‌తో ఇంగ్లిష్‌లో ఏదో అంది. తర్వాత అత్తగారివైపు తిరిగి "అమ్మాయికే కొంచెం ప్రాబ్లం ఉంది" అంది. ఎవరి ఒంటి గురించి ఆ మాటో, ఆ పిల్ల అక్కడే తలొంచుకుని కూర్చుని ఉంది. "మేడమ్, ఆయన టెస్టు ఎక్కడ?" అని అడిగా. చేయించనే లేదు. చేయిస్తే కౌంట్ తక్కువ వచ్చింది. నాలుగేళ్ల పాటు ఊరంతా గొడ్రాలన్నది ఆ పిల్లనే. మన భాషలో ఆ తిట్టుకు మగవాడి వైపు సాటి మాట వాడుకలో ఉందేమో వెతకండి. దొరకదు. భాష ముందే తీర్పు చెప్పేశాక రెండో మనిషికి టెస్టు ఎవరు రాస్తారు?

అందుకే రిపోర్టు ముందు పెట్టుకుని ఏం అడగాలో రాస్తున్నా. ఇది వైద్యం కాదు. ఎదురుగా కూర్చునే పద్ధతి.

మొదటిది, ఇద్దరి రిపోర్టులూ బల్ల మీద ఉన్నాయా? ఇద్దరినీ కూర్చోబెట్టి చెబుతున్నారా?

రెండోది, ఈ అంకెకు అర్థం ఏమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం వీర్యకణాల కింది హద్దు మిల్లీలీటరుకు 1.6 కోట్లు. ఆ హద్దు ఎలా వచ్చింది? ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్లను తీసుకుంటే, వాళ్లలో కూడా నూటికి అయిదుగురికి అంతకన్నా తక్కువే ఉంది. అంటే హద్దు దిగితే కథ ముగిసినట్టు కాదు, దాటితే హామీ ఇచ్చినట్టూ కాదు. వీర్యకణం తయారవడానికి రెండు నెలల పైనే పడుతుంది. జ్వరం వచ్చి తగ్గిన తర్వాత ఇచ్చిన శాంపిల్ తక్కువ చూపించవచ్చు. తేడా వస్తే మళ్లీ టెస్టు చేయాలి కదా అని అడగండి. అలాగే ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష. అండాశయంలో ఎన్ని అండాలు మిగిలాయో అది అంచనా వేస్తుంది. అండం బాగుందా లేదా అన్నది చెప్పదు. తక్కువ వచ్చిందని భయపడి అదే రోజు లక్షల ప్యాకేజీకి సంతకం పెట్టకండి.

మూడోది, ట్యూబులు మూసుకుపోయాయంటే ఎందుకు మూసుకుపోయాయి? మన దేశంలో దానికి ఒక పెద్ద కారణం జననాంగాల క్షయ. టీబీ ఊపిరితిత్తులకే వస్తుందనుకుంటాం. ఇరుకు ఇల్లు, గాలాడని గది, చాలని తిండి ఉన్నచోట అది ఎక్కువ. దగ్గు లేకుండానే లోపల ట్యూబులను తినేస్తుంది. ఆ కోణంలో చూశారా అని అడగండి.

నాలుగోది డాక్టర్లు మనల్ని అడగాల్సిన ప్రశ్న: ఏం పని చేస్తావు? దీనికో చరిత్ర ఉంది. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, లాత్రోప్ అనే ఊళ్లో, డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే కార్మికులు తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని మాటల్లో గమనించారు. పట్టుబట్టి వీర్యపరీక్షలు చేయించుకున్నారు. కొందరికి కౌంట్ బాగా తక్కువ, కొందరికి అసలు లేదు. ఆ మందు తగిలిన ఎలుకల వృషణాలు కుంచించుకుపోతాయని 1961లోనే ప్రచురితమైంది. ఆ సంగతి కార్మికుడి దాకా రాలేదు. 1979లో అక్కడ ఆ మందు వాడకాన్ని దాదాపు పూర్తిగా ఆపేశారు. ఎవరి రిపోర్టు వాళ్లు దాచుకుని ఉంటే, అది ఎవరి ఖర్మ వాళ్లదిగానే మిగిలిపోయేది. పక్కపక్కన పెట్టి చూసుకున్నారు కాబట్టి కారణం బయటపడింది.

మన మిరప చేలలో, పత్తి చేలలో వీపుకు ట్యాంకు కట్టుకుని మందు కొట్టేది ఎవరు? ఇటుక బట్టీ వేడిలో నిలబడేది ఎవరు? వేడికి వీర్యకణాలు తగ్గుతాయన్నది వైద్యానికి తెలిసిన విషయమే. డాక్టర్ అడగకపోతే మీరే చెప్పండి. "సార్, నేను మందు కొట్టే పనికి పోతా" అనండి. రాయించండి.

అడగడానికి మనకు చట్టం కూడా ఉంది. సమీరా కోహ్లీ అనే ఆవిడ పరీక్ష కోసం వెళ్లి మత్తులో ఉండగా, తల్లి ఒప్పుకుందని చెప్పి డాక్టరు గర్భసంచి, అండాశయాలు తీసేసింది. 2008లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు, తెలివిలో ఉన్న వయోజనురాలి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదు. తల్లికే లేని హక్కు అత్తగారికి ఎక్కడిది? 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఐవీఎఫ్ లాంటి చికిత్స చేసే కేంద్రం ఖర్చు, రిస్కులు, ఫలించే అవకాశం ముందే వివరించాలి, రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి.

ఇప్పుడు గాలి మారింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడనివ్వని నిబంధన 1994 చట్టంలో పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ దాన్ని ఎత్తేసింది. జనాభా తగ్గుతోంది, ఎక్కువమందిని కనండి అని నాయకులు చెబుతున్నారు. తగ్గించమన్నప్పుడు మనల్ని అడగలేదు, పెంచమంటున్నప్పుడూ అడగడం లేదు. ఆపరేషన్ చేయడానికి మండలం దాకా వచ్చిన ప్రభుత్వం, పిల్లలు కావాలనుకునే కూలి దంపతుల కోసం కూడా అంత దూరం రావాలి. వీర్యపరీక్ష, ట్యూబుల పరీక్ష, టీబీ పరీక్ష ప్రభుత్వ ఏరియా ఆస్పత్రిలో ఉచితంగా జరగాలి. రిపోర్టు తెలుగులో ఇవ్వాలి. దాన్ని వివరించడానికి ఒక మనిషి అక్కడ ఉండాలి. మన సంఘాల డిమాండ్ల పత్రాల్లో ఈ మూడు మాటలు చేర్చండి.

వచ్చే భాగంలో దాత వీర్యానికి, దాత అండానికి కూడా కులం అడిగేవాళ్ల సంగతి రాస్తా.

జై భీమ్.