ధవళేశ్వరం: సందర్శన స్థలంగా చరిత్ర

ధవళేశ్వరం తూర్పు గోదావరి జిల్లాలో, గోదావరి ఎడమ గట్టున, రాజమహేంద్రవరానికి దిగువన ఉన్న శివారు పట్టణం. ఊరికీ నగరానికీ మధ్య ఇప్పుడు ఖాళీ జాగా మిగల్లేదు. ఇళ్లూ దుకాణాలూ కలిసిపోయాయి. అఖండ గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలేది ఈ ఊరి దగ్గరే. బ్యారేజీ, కాటన్ మ్యూజియం, జనార్దనస్వామి కొండ, స్నానాల రేవులు చూడడానికి ఏడాది పొడవునా జనం వస్తారు. వీటిలో చాలావరకు సందర్శకుల కోసం కట్టినవి కావు. కొన్ని పూజ కోసం వెలిశాయి, కొన్ని పంటకు నీరివ్వడానికి పుట్టాయి. విహారం ఆ తర్వాత వచ్చి చేరింది.

గుడి, రేవు

ఇక్కడికి మొదట వచ్చినవాళ్లు యాత్రికులే. గౌతమి తీరం వెంట ఉన్న నవ జనార్దన క్షేత్రాల్లో మొదటిది ధవళేశ్వరం. మడికి, జొన్నాడ, ఆలమూరు మీదుగా సాగే ఆ వరస కోటిపల్లి దాకా వెళ్తుంది. జనార్దనస్వామి ఆలయం చిన్న కొండ మీద ఉంది. నది ఎంత వెడల్పో తెలియాలంటే ఆ మెట్లెక్కి చూడాలి. కింద అగస్త్యేశ్వరస్వామి ఆలయం, రామపాదాల రేవు ఉన్నాయి. కార్తీక మాసంలో తెల్లవారకముందే రేవుల్లో స్నానాలు, దీపాలు మొదలవుతాయి. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాలకు రాజమహేంద్రవరంతో పాటు ఈ రేవులూ నిండిపోతాయి.

ఆనకట్ట

ఊరి చరిత్రను మలుపు తిప్పింది ఆనకట్టే. 1830ల కరవు, 1839 తుపాను గోదావరి జిల్లాను కుంగదీశాయి. వరదనీరంతా కళ్లముందే సముద్రం పాలవుతుంటే పొలాలు ఎండిపోయేవి. మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన ఆర్థర్ కాటన్ నదికి అడ్డుకట్ట వేయాలని ప్రతిపాదించాడు. ఇసుక పునాది మీద కట్టడం నిలుస్తుందన్న ధైర్యం ఆయనకు కావేరి మీది కల్లణై ఇచ్చింది. పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. మధ్యలో కాటన్ జబ్బుపడి సెలవు మీద వెళ్లినప్పుడు కెప్టెన్ ఆర్ పని నడిపించాడు. ఆనకట్ట ఒకే గోడ కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలు, వాటి నడుమ లంకలు. అన్నీ కలిపి మూడున్నర కిలోమీటర్ల పైమాటే.

రాయి ధవళేశ్వరం కొండల నుంచే వచ్చింది. దాన్ని నదికి చేర్చడానికి ఇనుప పట్టాలు వేసి బళ్లు నడిపారు. 1853లో బొంబాయి, ఠాణే మధ్య ప్రయాణికుల రైలు కదలకముందే ఇక్కడ రాళ్లబళ్లు పట్టాల మీద తిరిగాయి. ఇంత పెద్ద సంగతి చాలామంది సందర్శకులకు తెలియకుండానే పోతోంది. కాటన్‌కు కుడిభుజంగా పనిచేసిన వీణెం వీరన్న విషయమూ అంతే. కూలీలను కూర్చి, కట్టడాన్ని దగ్గరుండి చూసుకున్న ఆ తెలుగువాడి పేరు కాటన్ పేరు పక్కన వినపడాల్సింది.

ఆనకట్టతో పాటు కాలువలు వచ్చాయి, కాలువలతో పడవ ప్రయాణం వచ్చింది. తూర్పు డెల్టా కాలువ ధవళేశ్వరం నుంచి, మధ్య డెల్టాది బొబ్బర్లంక నుంచి, పశ్చిమ డెల్టాది విజ్జేశ్వరం నుంచి బయల్దేరతాయి. రైలు రాకముందు కాకినాడ వెళ్లాలంటే చాలామందికి పడవే దిక్కు. గట్టున నడుస్తూ మనుషులు తాడుతో లాగేవారు. మట్టం మారిన చోట లాకులు ఉండేవి: పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూసి, నీళ్లు వదిలి లేదా నింపి, ముందు తలుపు తెరిచేవారు. పడవ తాపీగా పైకి తేలడమో కిందికి దిగడమో జరిగేది.

బ్యారేజీ, వరద

పాత ఆనకట్ట బలహీనపడడంతో 1970లలో కొత్త బ్యారేజీ పని చేపట్టి, 1980ల ఆరంభానికి ముగించారు. 175 గేట్లున్న ఈ కట్టడానికి కాటన్ పేరే పెట్టారు. దాని మీది రోడ్డు రాజమహేంద్రవరాన్ని కోనసీమకు దగ్గర చేసింది. సాయంత్రం గాలికోసం నగరం నుంచి బయల్దేరే కుటుంబాలకు బ్యారేజీయే చివరి మజిలీ అయింది.

వరద రోజుల్లో గట్ల మీద నిలబడి చూసేవాళ్లు మరీ ఎక్కువ. ఎర్రనీరు పోటెత్తి గేట్లన్నీ ఎత్తేశాక ఎగువకూ దిగువకూ తేడా దాదాపు చెరిగిపోతుంది. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు కోనసీమలో చిన్నపిల్లలకూ తెలుసు, ఎందుకంటే లంకల్లో ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అన్నది వాటిని బట్టే తేలుతుంది. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కుల నీరు ఇక్కడి నుంచి దిగువకు వెళ్లింది. ఆ వరద గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

పులస వచ్చేది కూడా ఎర్రనీటితోనే. సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ వచ్చే ఈ చేప బ్యారేజీ దగ్గర ఆగిపోతుంది. ఆ రోజుల్లో కేవలం పులస కోసం దూరాభారం అనుకోకుండా వచ్చి, వేలకు వేలు పోసి కొనుక్కుపోయేవాళ్లున్నారు.

మ్యూజియం

కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, పాత చిత్రాలు, ఆ కాలపు పనిముట్లు ఉన్నాయి. ఆరుబయట నిలిపిన పాత యంత్రాల దగ్గర బడిపిల్లలు ఎక్కువసేపు ఆగుతారు. డెల్టా ఊళ్లలో కాటన్ దొర విగ్రహం లేని చోటు అరుదు. ఆయన పుట్టినరోజు మే 15న రైతులు దండలు వేస్తారు. గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ను తలుచుకునే పురోహితులూ ఉన్నారు. పాలకుల జాతివాడైనా అన్నం పెట్టినవాణ్ని మరువకపోవడం ఈ నేల సంస్కారం.

చుట్టుపక్కల

ఒక రోజు చేతిలో ఉంటే దారి రెండు వైపులా పోతుంది. కాలువ వెంట దిగువకు వెళ్తే కడియం, కడియపులంక నర్సరీలు. ఆ మొక్కలు తాగేది ధవళేశ్వరంలో మళ్లించిన నీరే. బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా వెళ్తే 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకుల ఊరు ఆత్రేయపురం, ముందు విష్ణువు వెనక మోహినిగా ఒకే శిలలో కనిపించే ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి, వాడపల్లి వెంకటేశ్వరస్వామి. ఏడు శనివారాల మొక్కు ప్రచారంలోకి వచ్చాక శనివారాల్లో వాడపల్లి భక్తుల వాహనాలతో బ్యారేజీ రోడ్డు కిక్కిరుస్తోంది.

ఆ రోడ్డు ఇరుకైనది, నీటి మీద కట్టింది. 2015 జూన్‌లో, పుష్కరాలకు నెల ముందు, తిరుపతి నుంచి తిరిగి వెళ్తున్న భక్తుల వాహనం బ్యారేజీ మీంచి కిందపడి 22 మంది ప్రాణాలు కోల్పోయారు. తర్వాతి పుష్కరాలు 2027లో.