దోర్నకలు అజరయ్యగారు: తెలుగుదేశమున తొలి దినములు

శాలిబండ దారిని పోవువారికి మహారాజా కిషన్ ప్రసాదుగారి దేవిడీ ఎరుకయే. ఆయన 1901 మొదలు 1912 వరకు నిజాము రాజ్యమునకు దివానుగా నుండిరి. ఆ దినములలోనే, 1909వ సంవత్సరమున, ఆ రాజ్యమునందలి ఓరుగంటి సీమలో దోర్నకలు అను పల్లెకు ఒక తమిళ యువకుడు క్రైస్తవ బోధకుడై వచ్చి చేరెను. పాతబస్తీలోని మనవారిలో పెక్కురకు దోర్నకలు రైలు కూడలిగా మాత్రమే తెలియును. బెజవాడ మార్గమునుండి ఇల్లెందు బొగ్గుగనులకు శాఖ అచ్చట చీలును. కాని మన మాల మాదిగ వాడల చరిత్ర వ్రాయబూనువారు ఆ స్టేషనులో దిగక ముందునకు పోజాలరు.

ఆ యువకుడే వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి సీమలో వెల్లాళన్‌విళై అను గ్రామమున జన్మించిరి. తండ్రి ఆ గ్రామపు క్రైస్తవ గురువు. వారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895 నుండి వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణదేశమున విరివిగా తిరిగిరి. 1907లో జపానుదేశపు సభకు సైతము పోయి వచ్చిరి. పట్టణములు, విద్యార్థులు, ఇంగ్లీషు ఉపన్యాసములు, ఇవి వారికి అలవడిన బ్రదుకు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు స్థాపించిన స్వదేశ ప్రచార సంఘమునకు ముఖ్య కారకులును వీరే. ధనము మనది, మనుష్యులు మనవారు, పెత్తనము మనది అనునదే దాని నియమము. ఆ సంఘమువారు దోర్నకలు ప్రాంతము నెన్నుకొని కొలది కాలమునకే బోధకులను పంపిరి. ఇతరులను పొమ్మని ప్రబోధించినవాడు తాను పట్టణమున నిలిచియుండుట న్యాయమా? ఈ ప్రశ్నయే వారిని మద్రాసునుండి కదలించినది. 1909లో గురుపట్టము పొంది, పెద్ద ఉద్యోగమును విడిచి, దోర్నకలునకు వచ్చిరి.

వచ్చిన చోట వారు మూడు విధముల పరదేశి. మాతృభాష తమిళము, ముప్పదియైదవ యేట తెలుగు అక్షరములు దిద్దవలసి వచ్చెను. బ్రిటిషు పాలన విడిచి, కచేరీలలో ఉరుదూ నడచు సంస్థానమున నిలువవలసి వచ్చెను. ఇక పల్లెలలో దొరల వెట్టిచాకిరి క్రింద నలుగు మనవారి నడుమ తిరుగవలసి వచ్చెను. తెల్లదొర కాడు గనుక వారికి దొరతనపు అండ లేదు. తెలుగువాడు కాడు గనుక చుట్టరికము లేదు. మునిషీ వ్యాకరణము చెప్పగలడు గాని, కూలికి పోయి వచ్చిన తల్లితో ఏ మాట మొదట నాడవలెనో వాడయే నేర్పవలెను. వారు తెలుగున ధారాళముగా బోధించువారైరి. అజర్యా అను ఎబ్రీ పేరు మన నోట అజరయ్యయై, మల్లయ్య రాజయ్యల వరుసలో కూర్చున్నది. ఇంతకంటె మంచి స్వాగతపత్రము వేరొకటి యుండునని మేము తలంపము.

వారు మన వాడలలో నిలద్రొక్కుకొనుటకు మరియొక కారణము కలదని మా అభిప్రాయము. వారు పుట్టినది నాడారు కులమున. తాటిచెట్లెక్కు వృత్తివలన ఆ కులమును అగ్రవర్ణములవారు దూరముంచిరి. కాముది దేవాలయ ప్రవేశమునకై నాడారులు లండను ప్రీవీ కౌన్సిలు వరకు పోయి 1908లో ఓడిపోయిరి. ఆ మరుసటి యేడు అజరయ్యగారు దోర్నకలు చేరిరి. దాని మరుసటి యేడు, 1910లో, నాడారు మహాజన సంఘము పుట్టెను. గుడివాకిట నిలువబడిన అవమానము వారికి పుస్తకములవలన తెలిసినది కాదు. అదే కాలమున ఈ నగరమున భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్ర మండలిని, 1911లో మాన్య సంఘమును స్థాపించి, మతము మార్చుకొనకయే ఆ గౌరవమునే కోరుచుండిరి. దారులు వేరు, దాహమొకటి.

1910లో ఎడింబరో మహాసభయందు అజరయ్యగారు విదేశ మిషనరీల త్యాగమును కొనియాడుచునే, మాకు కావలసినది స్నేహమని నిర్మొగమాటముగ చెప్పిరి. సభలో కొందరికది రుచింపలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికను సంఘమునకు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైరి.

కులసంఘ సంచికలో చెప్పుటకు కొంచెము కష్టమైన సంగతి యొకటి మిగిలినది. పల్లెలలో మాలలు ముందుగా క్రైస్తవులైన చోట మాదిగలు వెనుదీయుటయు, మాదిగలు చేరిన చోట మాలలు ముఖము త్రిప్పుకొనుటయు కలదు. పైవర్ణములవారు మనలను నిలిపిన దూరముననే మనము ఒకరి నొకరము నిలుపుకొంటిమి. సంఘములో కులమునకు చోటు లేదని అజరయ్యగారు తుదివరకు పట్టుబట్టిరి. ఆ పట్టు పూర్తిగా నెగ్గినదని ఎవరును చెప్పజాలరు. 1935లో అంబేద్కరుగారు యేవలాలో హిందువుగా మరణింపనని ప్రకటించిన పిదప, సామూహిక మతాంతరమును గూర్చి గాంధీగారికిని అజరయ్యగారికిని గల భేదము మరింత తీవ్రమాయెను. ఆ వాదములో ఇరువురును మనలను గూర్చియే మాటలాడిరి; వాడవారి మాట అందెంత వినబడినదో చదువరులే యోచింతురుగాక.

1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకలు దేవాలయమునకు గుమ్మటములును మీనారులును కలవు. చార్మినారు నీడను పెరిగినవారికి అది క్రొత్తగా తోపదు. అజరయ్యగారు 1945 జనవరి 1న దోర్నకలుననే కన్నుమూసిరి.

ఆ తొలి సంవత్సరములలో వారికి తెలుగు నేర్పిన, అన్నము పెట్టిన, దారి చూపిన కుటుంబముల మనుమలు, మునిమనుమలు మన సభ్యులలో నుందురు. ఇంటి పెద్దలవలన విన్న పేర్లు, మాటలు ఏవైన జ్ఞప్తియందున్నచో, ఏ వాడవారైనను సరే, ఊరి పేరుతో సహా వ్రాసి పంపవలెనని ప్రార్థించుచున్నాము.