లారీ కండిషన్‌కు పూచీ ఎవరిది: బ్రిటన్ పద్ధతి పుట్టుపూర్వోత్తరాలు

బ్రిటన్‌లో మూడున్నర టన్నులు దాటిన లారీలకూ, వాటికి తగిలించే పెద్ద ట్రెయిలర్లకూ ఏడాదికోసారి ప్రభుత్వ పరీక్ష ఉంటుంది. మన దగ్గర లారీవాళ్లు ఎఫ్‌సీ అని పిలుచుకునే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లాంటిదే ఇదీ. బ్రేకులు రోలర్ల మీద పెట్టి చూస్తారు, స్టీరింగులో ఎంత లూజు ఉందో చూస్తారు, గోతిలోకి దిగి చాసిస్ అడుగుభాగం చూస్తారు. అయితే బ్రిటన్ చట్టం ఆ పరీక్షకు మరీ ఎక్కువ విలువ కట్టదు. బండి ఆ పూట బాగుందని మాత్రమే ఆ కాగితానికి అర్థం. మర్నాటి నుంచి బండి స్థితికి జవాబుదారీ దాన్ని వ్యాపారానికి తిప్పేవాడు, చట్టం భాషలో ‘ఆపరేటర్’. ఆ పూచీ రాసివ్వనిదే లైసెన్సు రాదు. రాసిచ్చి తప్పితే ఉన్న లైసెన్సుకూ ముప్పే.

ఈ లైసెన్సు పుట్టింది ప్రధానంగా రోడ్డు భద్రత కోసం కాదు, రైలు కంపెనీల మొర వల్ల. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న లారీలను చౌకగా కొని, ఇంటికి తిరిగొచ్చిన సైనికులు చాలామంది కిరాయిలకు తిప్పడం మొదలుపెట్టారు. పోటీ పెరిగి రేట్లు పడిపోయాయి. సరుకంతా రోడ్డెక్కిపోతోందని రైలు కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 1932లో సర్ ఆర్థర్ సాల్టర్ అధ్యక్షతన రోడ్డు, రైలు వర్గాలవాళ్లు కూర్చుని నివేదిక ఇచ్చారు. 1933లో చట్టం వచ్చింది. ఇతరుల సరుకు కిరాయికి మోసేవాడికి ‘ఏ’ లైసెన్సు, సొంత సరుకుతోపాటు కొంత కిరాయి కూడా తోలేవాడికి ‘బి’, సొంత సరుకే మోసుకునేవాడికి ‘సి’. మొదటి రెండూ కావాలంటే తన లారీ అవసరం ఉందని దరఖాస్తుదారు నిరూపించుకోవాలి. రైలు కంపెనీ వచ్చి అడ్డు చెప్పవచ్చు. బండిని మంచి స్థితిలో ఉంచాలన్న షరతు కాగితం మీద ఉంది గానీ, విచారణల్లో వాదనంతా సరుకు ఎవరికి దక్కాలన్నదాని మీదే.

అదే రోజుల్లో బ్రిటిష్ ఇండియాలోనూ రోడ్డు-రైలు పోటీ మీద మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు నివేదిక తయారుచేశారు. 1939 మోటారు వాహనాల చట్టం పర్మిట్లను దాదాపు ఆ తోవలోనే నడిపించింది: కిరాయి బండి పబ్లిక్ క్యారియర్, సొంత సరుకు బండి ప్రైవేట్ క్యారియర్. (నిజాం రాజ్యం ఆ చిక్కును మరో దారిలో తప్పించుకుంది, 1932లో రైల్వే తానే బస్సులు నడపడం మొదలుపెట్టింది.) హైదరాబాద్‌లో ఎల్బీనగర్ దాటాక విజయవాడ రోడ్డు మీది ఆటోనగర్‌కు బాడీ పనికో ఇంజిన్ పనికో వచ్చే పాత లారీల నుదుట ఒకప్పుడు కనిపించిన ‘పబ్లిక్ క్యారియర్’ అక్షరాలు ఆ చట్టం పెట్టిన బొట్టే. 1988 చట్టంలో ఆ తేడా పోయాక పెయింటర్లు ‘గూడ్స్ క్యారియర్’ అని రాయసాగారు. మాట మారినా పర్మిట్ పద్ధతి నిలిచింది.

బ్రిటన్ మాత్రం దారి మార్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లారీ రవాణాలో పెద్ద భాగాన్ని జాతీయం చేయడం, 1953 నుంచి చాలావాటిని తిరిగి అమ్మేయడం జరిగినా ఏ, బి, సి అక్షరాలు అలాగే ఉండిపోయాయి. వాటి వల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనమేమీ లేదని 1965లో గెడ్డెస్ కమిటీ తేల్చింది. 1968 రవాణా చట్టం వాటిని సాగనంపింది. ఆ బిల్లు తెచ్చిన మంత్రి బార్బరా కాజిల్‌కు స్వయంగా కారు నడపడం రాదు. అందుకు అప్పట్లో ఆమెను చాలామంది ఎగతాళి చేశారు. ఈ లారీ అవసరమా అన్న ప్రశ్న పోయి, ఈ మనిషి తన లారీలను సరిగా ఉంచగలడా అన్న ప్రశ్న వచ్చింది. కొత్త ఆపరేటర్ లైసెన్సులు 1970లో మొదలయ్యాయి. భారీ బండ్ల వార్షిక పరీక్ష అంతకుముందే, 1968లో వచ్చింది. ఏ ఇరుసు మీద ఎంత బరువు వేయవచ్చో చెప్పే ప్లేటు కూడా దాంతోపాటే. కార్లకు పరీక్ష పెట్టింది 1960లో. అంటే లారీల వంతు రావడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది, ఆలోచిస్తే ఇది తలకిందుల వరసే.

ఇప్పుడు అమల్లో ఉన్నది 1995 నాటి చట్టం. లైసెన్సు కోరేవాడు బండ్లను నడపదగ్గ స్థితిలో ఉంచుతాననీ, లోపాలను డ్రైవర్లు వెంటనే రాతపూర్వకంగా చెప్పే ఏర్పాటు చేస్తాననీ, మరమ్మతు రికార్డులు 15 నెలలు దాస్తాననీ, ఓవర్‌లోడు వేయననీ మాటివ్వాలి. కిరాయి రవాణా చేసేవాడైతే అర్హత పరీక్ష పాసైన ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ ఉండాలి. చేతిలో డబ్బూ చూపించాలి: కిరాయి రవాణా సంస్థకు ప్రస్తుతం మొదటి బండికి 8,000 పౌండ్లు, తర్వాత ఒక్కో బండికి 4,500. డబ్బు లేనివాడు బ్రేక్ లైనర్ల మార్పిడిని వచ్చే నెలకు వాయిదా వేస్తాడన్న లోకజ్ఞానం ఆ నిబంధన వెనక ఉంది. మన దగ్గర, హైదరాబాద్‌లోని నాగోల్ ట్రాక్ మీద బండి తోలి చూపించి డ్రైవర్ లైసెన్సు తెచ్చుకుంటాడు. బ్రిటన్‌లో ఓనరు కూడా తనకు తగిన పరీక్ష నెగ్గాలి.

రోజువారీ పని ఇలా ఉంటుంది. యార్డు నుంచి కదిలే ముందు డ్రైవర్ బండి చుట్టూ తిరిగి లైట్లు, టైర్లు, వీల్ నట్లు, గాలి పైపులు, ట్రెయిలర్ కొక్కెం చూసి ఫారం నింపుతాడు. లోపమేమీ లేకపోయినా ‘ఏమీ లేదు’ అని రాయడం మంచి సంస్థల అలవాటు. నెలల తరబడి ఒక్క లోపమూ రాయని డ్రైవర్ మీదే ఇన్‌స్పెక్టర్లకు అనుమానం. ఇది కాక కొన్ని వారాలకోసారి మెకానిక్ చేత పూర్తి తనిఖీ చేయించాలి. పన్నెండేళ్లు పైబడిన బండికి ఆరు వారాలు మించకూడదని ప్రభుత్వ మార్గదర్శకం. 2025 ఏప్రిల్ నుంచి ప్రతి తనిఖీలోనూ బ్రేకుల పట్టు ఎంతో కొలిచి చూపాలని కూడా చెప్పింది.

అసలు చిక్కంతా ట్రెయిలర్లతోనే. వాటిలో చాలావాటికి సొంత రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు, లాగే బండి నంబరునే వెనక తగిలించుకుంటాయి. పొద్దున ఒక కంపెనీ లారీ వెంట వెళ్లిన ట్రెయిలర్ సాయంత్రం మరో కంపెనీ లారీకి తగులుకుంటుంది. అలాంటి చోట తప్పు ఒకరి మీద ఒకరు తోసుకోవడం తేలిక. చట్టం ఆ సందు మూసేసింది: రోడ్డు మీద దాన్ని ఎవరు వాడుతున్నారో బాధ్యత వాళ్లది. ట్రెయిలర్ మాది కాదు, అద్దెకు తెచ్చామంటే చెల్లదు. తగిలించేముందే తనిఖీ రికార్డు అడిగి చూసుకోవాల్సింది ఆపరేటరే.

దారిలో బండ్లను ఆపి చూసేది డీవీఎస్‌ఏ అనే సంస్థ. ప్రమాదకరమైన లోపం కనిపిస్తే బండి అక్కడికక్కడే నిలిచిపోతుంది. ఆ లోపం రాత్రికి రాత్రి వచ్చింది కాదు, చాలాకాలం పట్టించుకోకపోవడం వల్ల వచ్చిందని తేలితే నోటీసు మీద ‘ఎస్’ అనే గుర్తు పడుతుంది. జరిమానా కంటే ఓనర్లు ఈ ఒక్క అక్షరానికే ఎక్కువ భయపడతారు, ఎందుకంటే అది ట్రాఫిక్ కమిషనర్ దాకా వెళుతుంది. కమిషనర్ శాఖ కింది ఉద్యోగిలా కాక స్వతంత్రంగా తీర్పు చెప్పే అధికారి. పబ్లిక్ ఎంక్వైరీకి పిలిచి, రికార్డులు ముందు పెట్టుకుని, ఈ ఆపరేటర్‌ను ఇకముందు నమ్మవచ్చా అని అడుగుతాడు. నమ్మకం కుదరకపోతే బండ్ల సంఖ్య తగ్గించవచ్చు, లైసెన్సు కొన్నాళ్లు ఆపవచ్చు, రద్దు చేయవచ్చు. దాని మీద ట్రిబ్యునల్‌కు అప్పీలు ఉంది.

ఇంత ఏర్పాటు ఉన్నా ఘోరాలు జరిగాయి. 2012 సెప్టెంబరులో సంగీతోత్సవం నుంచి తిరిగొస్తున్న ఒక కోచ్ సర్రేలోని హైండ్‌హెడ్ దగ్గర ముందు టైరు పేలి చెట్టును గుద్దింది, ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్లు పైనే. టైరు వయసు మీద అప్పటికి నిషేధమేమీ లేదు. చనిపోయిన ఒక కుర్రాడి తల్లి ఏళ్లపాటు పోరాడితే, 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలు, బస్సులు, కోచ్‌ల ముందు ఇరుసు మీద పదేళ్లు దాటిన టైర్లను నిషేధించారు.

2015 ఫిబ్రవరి 9న బాత్ నగరంలో నిట్టనిలువు వాలులో కంకర లోడుతో దిగుతున్న 32 టన్నుల టిప్పర్‌కు బ్రేకులు పనిచేయలేదు. నాలుగేళ్ల పాపతో సహా నలుగురు చనిపోయారు. మామూలుగా ఇలాంటి చోట మొదట చిక్కేది డ్రైవర్. బ్రిస్టల్ కోర్టులో జ్యూరీ ఆ యువ డ్రైవర్‌ను నిర్దోషిగా వదిలి, కంపెనీ యజమానినీ మెకానిక్‌నూ దోషులుగా తేల్చింది. 2017 జనవరిలో యజమానికి ఏడున్నరేళ్లు, మెకానిక్‌కు అయిదేళ్ల మూడు నెలలు జైలుశిక్ష పడింది.

మన చట్టంలో ఈ ఆలోచన లేకపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 84వ సెక్షన్ పర్మిట్ బండికి ఫిట్‌నెస్ ఉంటే చాలదనీ, దాన్ని ఎల్లవేళలా నిబంధనలకు తగ్గట్టు ఉంచాలనీ అంటోంది. లోపం తెలిసీ, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండీ బండి నడిపినవాడినే కాదు, నడపనిచ్చినవాడినీ 190వ సెక్షన్ పట్టుకుంటుంది. కానీ ఆచరణలో అందరి దృష్టీ సర్టిఫికెట్ మీదే. ఎనిమిదేళ్ల లోపు సరుకు లారీకి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళ్లొస్తే పని అయిపోయినట్టే. ఇన్‌స్పెక్టర్ చేతి చూపుకు బదులు యంత్రాలతో పరీక్షించే ఆటోమేటెడ్ కేంద్రాలకు 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. వాటిని నడిపేవాళ్లు బండ్ల రిపేరు వ్యాపారం చేయకూడదన్న షరతు కూడా పెట్టింది. దాంతో మారేది పరీక్ష చేసే తీరు. ఒక ఎఫ్‌సీకీ మరో ఎఫ్‌సీకీ మధ్య ఏం రిపేరు జరిగిందో చూపించమని ఓనరును పిలిచి అడిగే కమిషనర్ లాంటి అధికారి ఆ నిబంధనల్లోనూ లేడు.