ఇంద్రవెల్లి స్థూపం: సందర్శన – స్మృతి

జలియన్‌వాలా బాగ్ గోడలపై తూటా గుర్తులను, అక్కడి బావిని సందర్శకులు నేటికీ చూస్తారు. కాల్పులు జరిపించిన పాలన పరాయిది, గతించినది కనుక ఆ సందర్శనకు ఆటంకం లేదు. స్వతంత్ర దేశంలో స్వదేశీ పోలీసుల తూటాలకు బలైనవారి స్మారకం విషయంలో మాత్రం సందర్శనే వివాదాస్పదమవుతుంది. ఆదిలాబాద్ జిల్లాలోని ఇంద్రవెల్లి ఇందుకు నిదర్శనం.

1981 ఏప్రిల్ 20న గిరిజన రైతుకూలీ సంఘం తలపెట్టిన సభకు గోండులు భూమి సమస్యలపై తరలివచ్చారు. సభకు అనుమతి లేదని అడ్డుకున్న పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం ప్రకటించగా, పౌరహక్కుల సంఘాలు అంతకు కొన్ని రెట్లని పేర్కొన్నాయి. అనంతరం వెలసిన స్థూపం 1986లో కూల్చివేతకు గురై, తిరిగి నిర్మితమైంది. అయినా దశాబ్దాల పాటు ఏటా ఏప్రిల్ 20న అక్కడ నిషేధాజ్ఞలు అమలయ్యాయి. మిగతా రోజుల్లో బాటసారి సైతం ఆగి చూడగలిగిన స్థలం మృతుల బంధువులకు వర్ధంతి నాడే దూరమైంది. కట్టడాన్ని సహించిన రాజ్యం సామూహిక స్మరణను సహించలేదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

2024లో ప్రభుత్వం అక్కడ స్మృతివనానికి పూనుకొంది. దానివల్ల సందర్శకులు పెరగవచ్చు. అయితే జనం ఏ భూమి కోసం కూడారో, కాల్పులు ఎవరు జరిపారో అక్కడి ఫలకం చెప్పకపోతే అది విహారస్థలంగానే మిగులుతుంది. మృతుల సంఖ్యపై ఉన్న భేదాన్ని సైతం దాచకుండా నమోదు చేసినప్పుడే ఆ సందర్శన చరిత్ర పఠనమవుతుంది.