జరుగుతున్న కాలాన్ని పట్టుకున్న చిన్న సినిమాలు – మన చోటు ఎక్కడ?

సినిమా అనగానే మన పిల్లలకు పాటలు, ఫైట్లు, హీరోల కటౌట్లు గుర్తుకొస్తాయి. కానీ కళ్లముందు జరుగుతున్న అన్యాయాన్ని అప్పటికప్పుడే చూపించిన సినిమాల చరిత్ర కూడా ఒకటుంది. వాటిలో చాలావరకు తక్కువ డబ్బుతో, పెద్ద కంపెనీల అండ లేకుండా తీసినవే. ఆ చరిత్రలో మన ఆదివాసీల చోటు ఎక్కడుందో యువత తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మనకు దగ్గరి నుంచే మొదలుపెడదాం. ఎస్.ఆర్. నగర్‌లో ఉంటూ కోచింగ్‌కు అమీర్‌పేట వెళ్లే మన పిల్లలకు సారథి స్టూడియో పేరు తెలిసే ఉంటుంది. హైదరాబాద్‌లో మొదట వచ్చిన స్టూడియోగా దానికి పేరు. ఆ పేరు వెనుక ఇంకా పాత కథ ఉంది. చల్లపల్లి జమీందారు అండతో నడిచిన సారథి సంస్థ, గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీసింది. మొదటిది అంటరానితనం మీద, రెండోది జమీందారీ పెత్తనం మీద. ఆ రోజుల్లో ఊరూరా నలుగుతున్న విషయాలే అవి. ‘రైతుబిడ్డ’ను జమీందార్లు గట్టిగా వ్యతిరేకించారు. కొన్నిచోట్ల ఆ సినిమాను ఆడనివ్వలేదు.

అవి పెద్ద సినిమాలు. డబ్బున్నవాళ్లు పూనుకుంటేనే వచ్చాయి. చిన్న సినిమాకైతే తీయడం ఒక కష్టం, చూపించడం ఇంకో కష్టం. 1968లో కె.ఎ. అబ్బాస్ ‘చార్ షహర్ ఏక్ కహానీ’ అనే చిన్న డాక్యుమెంటరీ తీశారు. నాలుగు మహానగరాల్లో ధనవంతుల వైభవం పక్కనే పేదల బతుకును చూపించారు. అందరూ చూడదగ్గదని సర్టిఫికెట్ ఇవ్వడానికి సెన్సార్ ఒప్పుకోకపోతే సుప్రీంకోర్టుకు వెళ్లారు. సెన్సార్ ఉండవచ్చనే కోర్టు 1970లో తీర్పు చెప్పింది. కానీ దానికి స్పష్టమైన హద్దులుండాలని కూడా చెప్పింది.

హైదరాబాద్‌లో 1984 మతకల్లోలాల తర్వాత దీపా ధన్‌రాజ్ ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ తీశారు. 1986లో వచ్చిన ఆ డాక్యుమెంటరీని 16 ఎం.ఎం. కెమెరాతో తీశారు. నష్టపోయిన కుటుంబాల మాటలు, నాయకుల మాటలు అందులో పక్కపక్కనే వినిపిస్తాయి. ఎన్నో ఏళ్లకు బెర్లిన్‌లోని ఒక సంస్థ ఆ ఫిల్మ్‌ను బాగుచేసి భద్రపరిచింది. మన నగరం గుర్తును ఎక్కడో దూరదేశం దాచిపెట్టింది.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మరణం మీకు తెలిసిందే. అంతకుముందు హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన అయిదుగురు విద్యార్థులు క్యాంపస్‌లో ‘వెలివాడ’ వేసుకుని ఆరుబయట పడుకున్నారు. హాస్టల్ నడిపే మాలాంటి వాళ్లకు ఆ దృశ్యం ఇప్పటికీ మరపురాదు. పి.ఎన్. రామచంద్ర ఆ ఉద్యమం మీద సుమారు 45 నిమిషాల సినిమా తీశారు. 2017లో కేరళ డాక్యుమెంటరీ ఉత్సవంలో వేయడానికి కేంద్రం అనుమతి ఇవ్వలేదు. దీపా ధన్‌రాజ్ కూడా 2018లో ఇదే విషయం మీద సినిమా తీశారు.

ఇక మన సంగతి. కొమురం భీం జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగాడు. అల్లాణి శ్రీధర్ ఆయన మీద తీసిన సినిమా 1990లో తయారైంది. నంది అవార్డులు వచ్చినా థియేటర్లకు రావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే భీం కథ తెర మీదికి రావడానికి డెబ్బై ఏళ్లు! 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకు ఎన్నో రెట్లు అని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. ఆ రోజు సంతకు వచ్చిన గోండు కూలీ చేతిలో కెమెరా ఉండే కాలం కాదు. అందుకే ఆ లెక్క మీద వాదన నేటికీ ఆగలేదు.

కెమెరా మన చేతికి వస్తే ఏమవుతుందో జార్ఖండ్ చూపించింది. ఉరావ్ ఆదివాసీ అయిన బిజు టొప్పో, మేఘనాథ్‌తో కలిసి ‘అఖ్రా’ అనే బృందంగా పనిచేస్తున్నారు. 2003లో వాళ్లు తీసిన ‘వికాస్ బందూక్ కీ నాల్ సే’లో ప్రాజెక్టులను అడ్డుకున్న ఆదివాసీల మీద జరిగిన కాల్పుల కథలున్నాయి. ఒడిశాలోని కాశీపూర్, జార్ఖండ్‌లోని కోయల్ కారో అందులో ఉన్నాయి. బయటివాళ్లు వచ్చి మన గురించి తీయడం వేరు, మనవాడే మన గడపలో కూర్చుని అడగడం వేరు.

ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’, ఊరి మనుషులతోనే వీడియోలు తీసి ప్రపంచమంతా చూసేలా చేసింది. థియేటర్ కోసం ఇరవై ఏళ్లు ఆగాల్సిన పని లేదు. అయితే తొందరలో తీసి వాట్సాప్‌లో పంపిన వీడియో వారం తిరక్కుండానే మరుగున పడుతుంది. ఏ ఊరో, ఏ తేదీయో లేని వీడియోను పాతదనో, వేరే రాష్ట్రానిదనో కొట్టిపారేయడం కూడా తేలిక.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గర్భిణిని డోలీలో మోసుకెళ్తున్నా, పోడు పట్టా కోసం పెద్దలు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నా, మీరు తీయండి. మొదట ఊరు, తేదీ, సమయం కెమెరా ముందే చెప్పండి. మనుషుల్ని వాళ్ల భాషలోనే, గోండీలోనో కోయలోనో లంబాడీలోనో, మాట్లాడనివ్వండి. తెలుగు మాటలు కింద రాయండి. అడిగి ఒప్పుకున్నాకే తీయండి. అత్యాచార బాధితుల పేరు, ముఖం ఎక్కడా రానివ్వకండి, చట్టం ఒప్పుకోదు. అసలు ఫైలు కత్తిరించకుండా రెండుచోట్ల దాచండి. అధికారుల జవాబు కూడా అడిగి పెట్టండి.

ఈ పని ఇంద్రవెల్లి నాటి మన తాతలకు సాధ్యం కాలేదు. మీకు సాధ్యం. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మొదలుపెట్టండి.